పాట మోగుతోంది, రిమోట్ యాప్‌కి మాత్రం స్పీకర్ కనపడటం లేదు: ఎలా సరిచేసుకోవాలి

స్పీకర్‌లో పాట చక్కగా మోగుతూ ఉంటుంది. సౌండ్ కాస్త తగ్గిద్దామని ఫోన్‌లో రిమోట్ యాప్ తెరుస్తారు. స్క్రీన్ మీద చక్రం గిర్రున తిరిగి తిరిగి, చివరికి ‘డివైజ్‌లేవీ దొరకలేదు’ అంటుంది. ఎదురుగా మోగుతున్న స్పీకర్ దానికి కనపడదట! అప్పుడు చాలామంది వెళ్లి రౌటర్ ప్లగ్ పీకి పెడతారు. కొన్నిసార్లు దాంతో బాగవుతుంది కూడా. రెండు రోజులకు మళ్లీ అదే కథ.

ప్లగ్ పీకే ముందు, ఈ యాప్ లోపల ఏం చేస్తుందో తెలుసుకుంటే వెతుకులాట సగం తగ్గుతుంది. అది చేసే పనులు రెండు. మొదటిది వెతకడం. తెరవగానే ఇంటి నెట్‌వర్క్ అంతటికీ వినపడేలా ఒక కేక వేస్తుంది, పాటలు వాయించేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని. స్పీకర్ అది విని, నేనున్నాను, నా అడ్రస్ ఇదీ అని బదులిస్తుంది. రెండోది మాట్లాడటం. అడ్రస్ తెలిశాక ఇక కేకలతో పనిలేదు. యాప్ నేరుగా ఆ తలుపు తట్టి ‘ఆపు’, ‘తర్వాతి పాట’ అని చెబుతుంది. ఇక పాట సంగతంటారా, చాలా సెటప్‌లలో అది ఫోన్ గుండా రానే రాదు. స్పీకరే ఇంటర్నెట్ నుంచో, ఇంట్లో ఉన్న సర్వర్ నుంచో తెచ్చుకుంటుంది. రిమోట్ పనిచేయకపోయినా పాట ఆగనిది అందుకే. స్పీడ్ టెస్ట్ నడిపి అంకెలు చూసుకోవడం వల్ల ఇక్కడ ఒరిగేదేమీ లేదు.

నేను చూసినంతవరకు ఎక్కువసార్లు చెడేది కేక. తలుపు తట్టే దారి మామూలుగానే ఉంటుంది. కింద చెప్పిన క్రమమంతా ఈ రెంటిలో ఏది తెగిందో పట్టుకోవడానికే.

ఒక తిరకాసు ముందే చెప్పాలి. స్పాటిఫై కనెక్ట్ లాంటివి ఇంటి నెట్‌వర్క్ మీద మాత్రమే ఆధారపడవు. స్పీకర్ ఒకసారి మీ అకౌంట్‌తో ముడిపడితే, ఆదేశాలు స్పాటిఫై సర్వర్ల మీదుగా కూడా వెళ్తాయి. ఫోన్ మొబైల్ డేటా మీద ఉన్నా పాట మార్చవచ్చు. కాబట్టి ‘స్పాటిఫైలో కనపడుతోంది, స్పీకర్ కంపెనీ యాప్‌లో కనపడటం లేదు’ అంటే ఇంటి నెట్‌వర్క్ బాగుందని అర్థం కాదు.

అడుగు 1: రీస్టార్ట్ చేయండి, కానీ వరుసలో

ముందు రౌటర్. దాని వైఫై పూర్తిగా వచ్చేదాకా ఆగండి, రెండు మూడు నిమిషాలు పట్టవచ్చు. తర్వాత స్పీకర్ లేదా స్ట్రీమర్ (నెట్‌వర్క్ నుంచి పాట తెచ్చి స్పీకర్‌కి అందించే పెట్టె). చివరికి ఫోన్‌లో యాప్‌ని పూర్తిగా మూసి (ఫోర్స్ స్టాప్) మళ్లీ తెరవండి.

వరుస ఎందుకంటే, కరెంట్ పోయి వచ్చినప్పుడు అన్నీ ఒకేసారి లేస్తాయి. రౌటర్ ఇంకా కళ్లు నులుముకుంటూ ఉండగానే స్పీకర్ లేచి ‘నాకు అడ్రస్ ఇవ్వండి’ అని అడుగుతుంది. జవాబు రాకపోతే కొన్ని పరికరాలు తమకు తామే 169.254తో మొదలయ్యే అడ్రస్ పెట్టుకుని కూర్చుంటాయి. ఎక్కడైనా ఆ అంకె కనపడిందంటే ఆ పరికరానికి రౌటర్ నుంచి అడ్రస్ అందలేదని అర్థం. వేరే ఏదీ చూడనక్కర్లేదు, దాన్ని ఇంకోసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి. కేబుల్‌తో కలిపినదైతే కేబుల్ కూడా గట్టిగా నొక్కి చూడండి.

అడుగు 2: రెండు అడ్రస్‌లు పక్కపక్కన రాసి చూడండి

‘ఫోన్, స్పీకర్ ఒకే వైఫైలో ఉన్నాయా?’ అని అందరూ అడుగుతారు, అందరూ ‘ఆ, ఉన్నాయి’ అంటారు. నేనూ అలాగే అన్నాను. మా ఇంట్లో రిమోట్ హాల్లో పనిచేసేది, పడకగదిలో పనిచేసేది కాదు. గోడ మందం వల్ల సిగ్నల్ అందడం లేదని రెండు రోజులు గోడనే తిట్టుకున్నాను. ఫోన్‌లో చూస్తే వైఫై పేరు రెండు గదుల్లోనూ ఒకటే, సిగ్నల్ కూడా నిండుగా ఉంది.

చివరికి అంకెలు చూశాను. స్పీకర్ అడ్రస్ 192.168.1.34. హాల్లో ఫోన్ అడ్రస్ 192.168.1.21. పడకగదిలోకి వెళ్లి చూస్తే 192.168.0.105. అక్కడ పెట్టిన పాత రౌటర్‌కి ‘సౌకర్యంగా ఉంటుంది కదా’ అని అదే పేరు, అదే పాస్‌వర్డ్ నేనే పెట్టుకున్నాను. పేరు ఒకటే గానీ నెట్‌వర్క్‌లు రెండు. మూడో అంకె దగ్గర 1 బదులు 0 ఉండటమే తేడా.

మీరూ అంకెలే చూడండి. ఫోన్‌లో వైఫై పేరు మీద నొక్కితే వివరాల్లో ఐపీ అడ్రస్ ఉంటుంది. స్పీకర్‌ది దాని స్క్రీన్ మీద సెట్టింగ్స్‌లో గానీ, రౌటర్ పేజీలో (బ్రౌజర్‌లో రౌటర్ అడ్రస్ కొడితే తెరుచుకునే సెట్టింగ్స్ పేజీ) ‘కనెక్టెడ్ డివైజెస్’ లిస్టులో గానీ దొరుకుతుంది. మామూలు ఇంటి రౌటర్లలో మొదటి మూడు అంకెలు రెండింటికీ ఒకేలా ఉండాలి, చివరిది వేరుగా ఉండాలి.

మొదటి మూడు కలవకపోతే మీ ఇంట్లో రెండు రౌటర్లు ఎవరికి వారు అడ్రస్‌లు పంచుతున్నట్టు. ఇంటర్నెట్ కంపెనీ పెట్టిన పెట్టె ఒకటి, మీరు కొన్నది ఒకటి ఉన్న ఇళ్లలో ఇది మామూలే. దీంట్లో తికమక పెట్టే విషయం ఇంకోటి ఉంది. లోపలి రౌటర్ కింద ఉన్న ఫోన్, బయటి రౌటర్ కింద ఉన్న స్పీకర్‌ని అడ్రస్ తెలిస్తే చేరుకోగలదు. కానీ దాని కేక మాత్రం మధ్యలో ఉన్న రౌటర్ దాటదు. ఫోన్ బయట, స్పీకర్ లోపల ఉంటే తలుపు తట్టడం కూడా కుదరదు.

మందు ఒకటే: రెండో రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి (సొంతంగా అడ్రస్‌లు పంచకుండా వైఫై మాత్రమే ఇచ్చే పద్ధతి) మార్చండి. ఆ ఆప్షన్ లేని పాత మోడల్ అయితే దాని సొంత అడ్రస్‌ని మొదటి రౌటర్ వరుసలోకి, ఎవరూ వాడని నంబర్‌కి మార్చండి (ఉదాహరణకు 192.168.1.2). దాంట్లో డీహెచ్‌సీపీ (అడ్రస్‌లు పంచే ఏర్పాటు) ఆఫ్ చేయండి. ఆ తర్వాత మొదటి రౌటర్ నుంచి వచ్చే కేబుల్‌ని వాన్ పోర్ట్‌లోంచి (ఇంటర్నెట్ కేబుల్ పెట్టే రంధ్రం) తీసి లాన్ పోర్ట్‌లో (ఇంట్లోని పరికరాల కేబుళ్లు పెట్టేది) పెట్టండి. ఈ వరుస తప్పితే రౌటర్ పేజీ తెరుచుకోక తల పట్టుకుంటారు. అనుభవం మీద చెబుతున్నాను.

అడుగు 3: ఫోనే అడ్డుపడుతోందేమో చూడండి

ఐఫోన్‌లో 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ప్రతి యాప్ ఇంటి నెట్‌వర్క్‌లో వెతకడానికి మీ అనుమతి అడుగుతుంది. ఆ ప్రశ్న ఒక్కసారే వస్తుంది. తొందరలో ‘డోంట్ అలౌ’ నొక్కేస్తే యాప్ నోరు నొక్కినట్టే, కేక బయటికి రాదు. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో లోకల్ నెట్‌వర్క్ తెరిచి మీ యాప్ పక్కన స్విచ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఆన్‌లో ఉన్నా దొరకకపోతే ఒకసారి ఆఫ్ చేసి, ఆన్ చేసి, ఫోన్ రీస్టార్ట్ చేయండి. మ్యాక్ కంప్యూటర్లలోనూ 2024లో వచ్చిన సెకోయా నుంచి ఇదే పద్ధతి.

ఆండ్రాయిడ్ 13 నుంచి వైఫై పనులకు కూడా ‘నియర్‌బై డివైజెస్’ అనే పర్మిషన్ ఉంది. అంతకు ముందు వెర్షన్లలో కొన్ని యాప్‌లు వైఫై వివరాల కోసం లొకేషన్ అడుగుతాయి. పాటల యాప్‌కి నా లొకేషన్ ఎందుకు అని కొట్టిపారేసి ఉంటే, కారణం అదీ కావచ్చు.

ఆ తర్వాత వీపీఎన్. ఇది ఆన్‌లో ఉంటే ఫోన్ నుంచి వెళ్లే మాటలన్నీ ఎక్కడో దూరాన ఉన్న సర్వర్‌కి పోతుంటాయి, పక్క గదిలో ఉన్న స్పీకర్‌కి చేరవు. ఆఫ్ చేసి చూడండి. ఆఫ్ చేయగానే స్పీకర్ ప్రత్యక్షమైతే వీపీఎన్ యాప్‌లో లోకల్ నెట్‌వర్క్‌ని అనుమతించే ఆప్షన్ కోసం వెతకండి, చాలావాటిలో ఉంటుంది. ప్రకటనలు ఆపే యాప్‌లు కొన్ని లోపల వీపీఎన్ లాగే పనిచేస్తాయి, వాటినీ కలుపుకోండి. బ్యాటరీ సేవర్ కూడా ఒకసారి తీసి చూడండి.

ఇంట్లో ఇంకో ఫోన్ ఉంటే అదే యాప్ దాంట్లో వేసి చూడటం అన్నిటికంటే తేలిక. అందులో పనిచేస్తే రౌటర్ జోలికి వెళ్లక్కర్లేదు, తప్పు మీ ఫోన్‌లోనే ఉంది.

అడుగు 4: నేరుగా తలుపు తట్టి చూడండి

నాకు ఒకే ఒక్క పరీక్ష చేసే అవకాశం ఇస్తే ఇదే చేస్తాను. ఫోన్‌లోని బ్రౌజర్ తెరిచి, స్పీకర్ లేదా సర్వర్ ఐపీ అడ్రస్, దాని తర్వాత కోలన్ పెట్టి పోర్ట్ నంబర్ (ఆ పరికరంలో ఒక్కో ప్రోగ్రామ్‌కి ఉండే తలుపు నంబర్) టైప్ చేయండి. లిరియన్ మ్యూజిక్ సర్వర్ (పాత పేరు లాజిటెక్ మీడియా సర్వర్) అయితే మామూలుగా 9000. అంటే 192.168.1.34:9000. ప్లెక్స్ అయితే 32400, చివర స్లాష్ పెట్టి వెబ్ అన్న ఇంగ్లీషు మాట చేర్చాలి. కోడి అయితే 8080. (ఇది మీడియా ప్లేయర్ పేరు, పొద్దున్నే కూసేది కాదు.) చాలా నెట్‌వర్క్ స్ట్రీమర్లకు పోర్ట్ లేకుండా ఉత్త అడ్రస్ కొట్టినా సెట్టింగ్స్ పేజీ వస్తుంది.

పేజీ తెరుచుకుందా? అయితే దారి బాగుంది, కేక మాత్రమే వినపడటం లేదు. యాప్‌లో ‘యాడ్ మాన్యువల్లీ’ లాంటి ఆప్షన్ ఉంటే అదే అడ్రస్ అక్కడ కొట్టండి. రిమోట్ వెంటనే పనిచేస్తుంది. కేక సంగతి తీరిగ్గా అడుగు 6లో చూసుకోవచ్చు.

పేజీ తెరుచుకోలేదా? అప్పుడు దారిలోనే ఏదో అడ్డం ఉంది. అడుగు 5, 7 మీకోసం. ‘కనెక్షన్ నిరాకరించారు’ అన్న మెసేజ్ వెంటనే వస్తే మీరు ఆ పరికరం దాకా వెళ్లినట్టే, తలుపు దగ్గర ఎవరూ లేరంతే. సర్వర్ ప్రోగ్రామ్ నడవకపోవడమో, పోర్ట్ నంబర్ తప్పడమో అయివుంటుంది. చాలాసేపు తిరిగి తిరిగి ఆగిపోతే మధ్యలో ఫైర్‌వాలో (బయటి నుంచి వచ్చే మాటలను ఆపే కాపలా ప్రోగ్రామ్), రౌటరో మింగేస్తున్నట్టు లెక్క. ఈ రెండు రకాల వైఫల్యాలకు తేడా గమనించడం అలవాటైతే చాలా సమయం మిగులుతుంది.

అడుగు 5: గెస్ట్ నెట్‌వర్క్, ఐసోలేషన్

చుట్టాలు వచ్చినప్పుడు ఇవ్వడానికి పెట్టుకున్న గెస్ట్ వైఫైకి మీ ఫోనే ఎప్పుడో తగులుకుని ఉండవచ్చు. గెస్ట్ నెట్‌వర్క్ పనే అది, లోపలున్నవాళ్లకు ఇంటర్నెట్ తప్ప ఇంట్లోని మిగతా పరికరాలు కనపడకుండా చూడటం. దాన్ని తప్పుపట్టి లాభం లేదు.

అసలు వైఫైలోనే ఉన్నా రౌటర్ సెట్టింగ్స్‌లో ఏపీ ఐసోలేషన్, క్లయింట్ ఐసోలేషన్, వైర్‌లెస్ ఐసోలేషన్ అనే మాటలు వెతకండి. ఏ పేరుతో ఉన్నా పని ఒకటే, ఒక వైఫై పరికరాన్ని ఇంకోదానితో మాట్లాడనివ్వదు. ఆఫ్ చేయండి. కొన్ని రౌటర్లలో 2.4 గిగాహెర్ట్జ్ పేరు, 5 గిగాహెర్ట్జ్ పేరు వేర్వేరుగా ఉంటాయి. మామూలుగా అవి రెండూ ఒకే నెట్‌వర్క్. ఫోన్ 5లో, స్పీకర్ 2.4లో ఉన్నా ఒకదానికొకటి కనపడాలి. కనపడకపోతే ఫోన్‌ని కూడా కాసేపు 2.4కి మార్చి చూడండి. అప్పుడు కనపడితే తప్పు రౌటర్ ఆ రెంటినీ కలపకపోవడంలో ఉందని తేలుతుంది.

అడుగు 6: కేక ఎక్కడ ఆగిపోతోంది?

ఇక అసలు కథ. ఈ కేకకు సాంకేతికంగా మల్టీకాస్ట్ అని పేరు. రెండు పద్ధతులు బాగా వాడుకలో ఉన్నాయి. ఎండీఎన్ఎస్ (యాపిల్ దీన్నే బోంజూర్ అంటుంది) 224.0.0.251 అనే అడ్రస్‌కి, యూడీపీ పోర్ట్ 5353 మీద కేకేస్తుంది. ఎయిర్‌ప్లే, క్రోమ్‌కాస్ట్ వెతుక్కునేది దీంతోనే. యూపీఎన్‌పీ, డీఎల్ఎన్ఏ (ఇంట్లోని టీవీలు, స్పీకర్లు, సర్వర్లు పాటలు, వీడియోలు పంచుకునే పద్ధతులు) పరికరాలు ఎస్ఎస్‌డీపీ అనే రెండో పద్ధతి వాడతాయి, దాని అడ్రస్ 239.255.255.250, పోర్ట్ 1900. ఈ అంకెలు బట్టీ పట్టనక్కర్లేదు. రౌటర్ లేదా ఫైర్‌వాల్ సెట్టింగ్స్‌లో ఇవి తారసపడితే ‘ఓహో, ఇదే’ అనుకుంటే చాలు.

వైఫైలో ఈ కేకల బతుకు కాస్త కష్టమే. ఫోన్ నుంచి రౌటర్‌కి మామూలు మాట వెళ్తే, అందిందని జవాబు వస్తుంది. రాకపోతే మళ్లీ పంపుతారు. రౌటర్ అందరికీ వినిపించే మల్టీకాస్ట్‌కి ఆ ఏర్పాటు లేదు. ఒకసారి గాల్లోకి వదులుతుంది, అందితే అందినట్టు, లేకపోతే లేదు. అందుకే బ్రౌజర్‌లో పేజీ టక్కున తెరుచుకుంటూ, యాప్‌లో మాత్రం ఒకసారి కనపడి ఒకసారి మాయమవడం జరుగుతుంది. వీలైతే స్పీకర్‌ని గానీ, సర్వర్‌ని గానీ కేబుల్‌తో రౌటర్‌కి కలపండి. గాల్లో ప్రయాణం ఒక అంచె తగ్గినా తేడా తెలుస్తుంది.

ఇంకో రకం ఉంది, దీన్ని పట్టుకోవడానికి గడియారం కావాలి. స్పీకర్ ఆన్ చేయగానే యాప్‌లో కనపడుతుంది. హమ్మయ్య అనుకుంటారు. నాలుగైదు నిమిషాలకు మాయం. మళ్లీ ఆఫ్ చేసి ఆన్ చేస్తే మళ్లీ కాసేపు. ఇలా సమయం ప్రకారం పోతుంటే ఐజీఎంపీ స్నూపింగ్‌ని అనుమానించండి. కేకలు అందరికీ పంపడం దండగ, కావాలన్నవాళ్లకే పంపుదాం అని రౌటర్ లేదా నెట్‌వర్క్ స్విచ్ ఒక జాబితా రాసుకోవడమే ఈ స్నూపింగ్. స్పీకర్ లేవగానే ‘నాకూ కావాలి’ అని పేరు రాయించుకుంటుంది. ఆ తర్వాత ఎవరో ఒకరు అప్పుడప్పుడు ‘ఇంకా ఉన్నారా?’ అని అడుగుతుండాలి. ఆ అడిగేదాన్ని క్వెరియర్ అంటారు. నెట్‌వర్క్‌లో క్వెరియర్ లేకపోతే అడిగేవాళ్లు లేరు, కాబట్టి జవాబిచ్చేవాళ్లూ లేరు. ప్రమాణం ప్రకారం గడువు 260 సెకన్లు. అది దాటగానే జాబితాలో స్పీకర్ పేరు కొట్టేస్తారు. ఇక యాప్ ఎంత అరిచినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

దీనికి రౌటర్ లేదా స్విచ్ సెట్టింగ్స్‌లో ఐజీఎంపీ స్నూపింగ్ ఆఫ్ చేసి పావుగంట చూడండి. చిన్న ఇంటి నెట్‌వర్క్‌లో దాన్ని ఆఫ్ చేసినా నష్టమేమీ కనపడదు. ఇంట్లో ఇంటర్నెట్ లైన్ మీద టీవీ చానెళ్లు వచ్చే కనెక్షన్ ఉంటే మాత్రం జాగ్రత్త, దానికి స్నూపింగ్ అవసరం పడవచ్చు. అప్పుడు ఆఫ్ చేసే బదులు క్వెరియర్ ఆన్ చేసే ఆప్షన్ ఉందేమో చూడండి. మెష్ వైఫై (ఇంట్లో రెండు మూడు చోట్ల యూనిట్లు పెట్టేది) ఉన్నవాళ్లు స్పీకర్, ఫోన్ రెండూ ఒకే యూనిట్‌కి దగ్గరగా ఉంచి ఒకసారి ప్రయత్నించండి. అప్పుడు పనిచేస్తే యూనిట్ల మధ్య కేకలు దాటడం లేదని తెలిసిపోతుంది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఉంటే వేయండి.

అడుగు 7: పాటలు కంప్యూటర్‌లో ఉంటే

విండోస్ ప్రతి నెట్‌వర్క్‌ని ప్రైవేటా, పబ్లిక్కా అని గుర్తుపెట్టుకుంటుంది. పబ్లిక్ అయితే బయటివాళ్లు తట్టే తలుపులు చాలావరకు మూసేస్తుంది. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, మీ కనెక్షన్ ప్రాపర్టీస్‌లో దీన్ని ప్రైవేట్ చేయండి. ఇంటి వైఫైకి మాత్రమే సుమా, బయట ఎక్కడో కనెక్ట్ అయినప్పుడు కాదు. ఆ తర్వాత ఫైర్‌వాల్‌లో మీ మ్యూజిక్ సర్వర్ ప్రోగ్రామ్‌కి అనుమతి ఉందో లేదో చూడండి. అనుమానం ఉంటే ఫైర్‌వాల్‌ని ఒక్క నిమిషం పూర్తిగా ఆపి, యాప్ పనిచేస్తుందేమో చూసి, వెంటనే మళ్లీ ఆన్ చేయండి. కొన్ని యాంటీవైరస్‌లకు సొంత ఫైర్‌వాల్ ఉంటుంది, అదీ ఇదే జట్టు.

కోడిలో సెట్టింగ్స్, సర్వీసెస్, కంట్రోల్‌లో రిమోట్ కంట్రోల్‌ని అనుమతించే స్విచ్‌లు విడిగా ఉంటాయి, ఆన్ చేయకపోతే ఏ యాప్ పనిచేయదు. లినక్స్‌లో ఎంపీడీ (పాటలు వాయించే సర్వర్ ప్రోగ్రామ్) వాడేవాళ్లు దాని సెట్టింగ్స్ ఫైల్‌లో బైండ్ అడ్రస్ (ఏ అడ్రస్‌కి వచ్చిన మాట వినాలో చెప్పేది) చూడాలి. డెబియన్ అనే లినక్స్ రకంలో అది మొదట లోకల్‌హోస్ట్ అని ఉంటుంది. అంటే తన కంప్యూటర్‌లోంచి వచ్చిన మాట తప్ప వేరే మాట వినదు. దాన్ని మార్చి రీస్టార్ట్ చేస్తే 6600 పోర్ట్ మీద ఫోన్‌కి దొరుకుతుంది. ఇక కంప్యూటర్ స్లీప్‌లోకి వెళ్లిపోతుంటే రిమోట్‌ని ఎంత సరిచేసినా దండగే, ఆ సెట్టింగ్ ముందు మార్చండి.

అడుగు 8: అడ్రస్ మారకుండా కట్టేయండి

రౌటర్ ఇచ్చే అడ్రస్ శాశ్వతం కాదు. నిన్న 34 ఉన్నది రేపు 40 కావచ్చు. యాప్ పాత తలుపే తడుతూ ఉంటుంది. రౌటర్ పేజీలో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ (అడ్రస్ రిజర్వేషన్ అని కూడా ఉంటుంది) తెరిచి, లిస్టులో స్పీకర్‌ని ఎంచుకుని, ఒక నంబర్ దానికే ఖాయం చేయండి. స్పీకర్‌లోపల చేత్తో అడ్రస్ కొట్టడం కంటే ఇదే మంచిది. రేపు రౌటర్ మార్చినా స్పీకర్ దారి తప్పదు. అడుగు 4లో అడ్రస్ కొట్టి గట్టెక్కినవాళ్లకు ఇది తప్పనిసరి.

రిమోట్ బాగుంది, పాటే తెగుతోందా?

ఇది వేరే జబ్బు. సీడీ నాణ్యత పాటకు కుదించకుండా అయినా సెకనుకు 1411 కిలోబిట్లు చాలు. 24 బిట్ 192 కిలోహెర్ట్జ్ స్టీరియో ఫైల్ అయితే సుమారు 9.2 మెగాబిట్లు. ఈ లెక్కకు ఇంటి వైఫై సరిపోవాలి. తెగుతోందంటే చాలావరకు వేగం తక్కువై కాదు, గాల్లో గోల ఎక్కువై. స్పీకర్‌ని రౌటర్ దగ్గరికి తెచ్చి ఒక పాట పూర్తిగా వినండి. అక్కడ తెగకపోతే దూరమో, చుట్టుపక్కల వైఫైల రద్దీయో కారణం. 2.4 గిగాహెర్ట్జ్ వాడుతుంటే చానెల్ ఆటోలో వదిలేయకుండా 1, 6, 11లలో ఖాళీగా ఉన్నదానికి మార్చండి. మైక్రోవేవ్ నడిచినప్పుడే పాట తడబడుతుంటే అనుమానమే అక్కర్లేదు, అదీ 2.4 దగ్గరే పనిచేస్తుంది. 5 గిగాహెర్ట్జ్‌కి గానీ, కేబుల్‌కి గానీ మారిపోండి.

చేయకూడనివి రెండు

బయట ఉన్నప్పుడు కూడా ఇంటి సర్వర్‌ని రిమోట్‌లో నడపాలని రౌటర్‌లో పోర్ట్ ఫార్వార్డింగ్ పెట్టకండి. పాటల సర్వర్లు చాలావాటికి పాస్‌వర్డ్ కూడా ఉండదు, ఆ తలుపు ప్రపంచమంతటికీ తెరిచినట్టే. రౌటర్‌లోనే వీపీఎన్ సర్వర్ ఉంటే అది పెట్టుకుని దాని మీదుగా రండి.

రెండోది ఫ్యాక్టరీ రీసెట్. కస్టమర్ కేర్‌లో తరచూ చేయమనేది ఇదే, ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు ఉంటుంది. రీసెట్ చేస్తే ఏ సెట్టింగ్ వల్ల చెడిందో ఆ ఆధారమూ పోతుంది. ఫోన్ చేసే ముందు ఒక కాగితం మీద నాలుగు విషయాలు రాసుకోండి: ఫోన్ అడ్రస్, స్పీకర్ అడ్రస్, బ్రౌజర్‌లో పేజీ తెరుచుకుందో లేదో, ఎన్ని నిమిషాలకు మాయమవుతోందో. వాళ్లు ‘రౌటర్ రీస్టార్ట్ చేశారా సార్’ అనగానే ఆ కాగితం చదివి వినిపించండి.